మా బ్లాకుల మీద వేసిన 128 అంకెను వెనక్కి తీసుకుంటున్నాం

ఇంకెవరో చెప్తే వినేకంటే నా నోటితో నేనే చెప్పడం మర్యాద. మా బిల్లుల మీద, కేటలాగులో, చివరికి గేటు బోర్డు మీద కూడా పెద్ద అక్షరాలతో రాయించుకున్న 128 అనే అంకె ఐదు నెలలుగా తప్పు. ఒక ఘనమీటరు సిమెంటు బ్లాకులు తయారయ్యేసరికి గాలిలో కలిసేది 128 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం అని దాని అర్థం. ఈ ఐదు నెలల్లో మీకు వచ్చిన సరుకుకి అసలు లెక్క 156. బలం విషయంలో ఏ లోటూ లేదు, గోడల గురించి టెన్షన్ వద్దు. తప్పింది లెక్కే. కానీ ఆ లెక్క చూసే మా దగ్గరికి వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు.

కొత్తగా వచ్చినవారి కోసం రెండు ముక్కలు. ఆ అంకె మేం కూర్చుని ఊహించుకున్నది కాదు. ఎన్విరాన్‌మెంటల్ ప్రోడక్ట్ డిక్లరేషన్, అంటే ఈపీడీ, అందులోది. ఐఎస్ఓ 14025, ఈఎన్ 15804 అనే ప్రమాణాల ప్రకారం లెక్క కట్టించి, మాతో సంబంధం లేని వెరిఫయర్ చేత తనిఖీ చేయించి, ఐదేళ్ల గడువుతో ప్రకటించాం. కూల్చివేత దాకా మిగతా దశల లెక్కలూ అందులో ఉంటాయి కానీ, 128 మాత్రం ఏ1 నుంచి ఏ3 వరకు: ముడిసరుకు, దాన్ని మా యార్డుకి తేవడం, మా తయారీ. ఇది మంచి సరుకు అని ఇచ్చే మెడల్ కాదు. అంకె ఎక్కువున్న సరుకుకీ ఈపీడీ ఉండొచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే దాని పని. అందుకే ఇప్పుడు నాకు తలకొట్టేసినట్టుగా ఉంది.

ఏం జరిగిందంటే, మా అంకెలో మూడింట రెండు వంతులకు పైగా సిమెంటుదే. సున్నపురాయిని దాదాపు 1450 డిగ్రీల దగ్గర కాల్చి క్లింకర్, అంటే పొడి చేస్తే సిమెంటు అయ్యే గడ్డలు, చేస్తారు. బొగ్గు మండించినందుకు వచ్చే పొగ ఒక ఎత్తు, ఆ రాయిలోంచే బయటికొచ్చే వాయువు ఇంకో ఎత్తు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుంది. ఇంధనం మార్చినా ఇది తగ్గదు. తగ్గాలంటే క్లింకర్ తగ్గించి, ఆ స్థానంలో ఇనుము తీసే కొలిమి (బ్లాస్ట్ ఫర్నేస్) నుంచి మిగులుగా వచ్చే స్లాగ్‌ని పొడి చేసి కలపాలి. మా సప్లయర్ 55 శాతం స్లాగ్ ఉన్న సిమెంటు ఇస్తానని రాసిచ్చారు. మా 128 నిలబడిందే ఆ 55 మీద.

ఐదు నెలల క్రితం వాళ్లకి స్లాగ్ దొరకడం కష్టమైంది. 38 శాతానికి దించేశారు. మాకు ఒక్క ఫోన్ లేదు, ఒక్క కాగితం లేదు. బస్తా మీద అదే పేరు, చలానా మీద అదే కోడ్. నిలదీస్తే వచ్చిన జవాబు: "ప్రమాణం దాటలేదు కదండీ." దాటలేదు, నిజమే. యూరప్ ప్రమాణంలో ఈ రకానికి స్లాగ్ 36 నుంచి 65 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు. వాళ్ల దృష్టిలో అది అదే సిమెంటు. నాకు మాత్రం ఘనమీటరుకి 28 కిలోల తేడా.

దీన్ని పట్టుకున్నది ల్యాబూ కాదు, నేనూ కాదు, మా ఫోర్‌మన్. స్లాగ్ ఎక్కువుంటే బ్లాకు తెల్లగా తేలుతుంది. "రంగు ముదురుతోంది సార్" అని రెండుసార్లు అన్నాడు. తడి వల్ల అని కొట్టిపారేశాను. పైగా ఏడు రోజుల బలం పరీక్షల్లో అంకెలు పెరుగుతున్నాయి. క్లింకర్ పెరిగితే తొలి రోజుల బలం పెరుగుతుందని తెలిసి కూడా, మా క్యూరింగ్ బాగుపడిందని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే చిరాకు.

ఇక మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసిన సంగతి. మేం తీసుకున్న ఈపీడీ ప్రోగ్రామ్‌లో ఏ సూచికైనా పది శాతానికి మించి దిగజారితే ప్రకటనను సవరించాలి. 128 నుంచి 156 అంటే దాదాపు 22 శాతం. దాచడానికి లేదు. కానీ లెక్కలు చేసిపెట్టే కన్సల్టెంట్ ఒక దారి చూపించారు. ఇలాంటి లెక్క ఏడాది సగటు మీద కడతారు. ఏడు నెలల పాత సరుకు, ఐదు నెలల కొత్త సరుకు కలిపితే 140కి కాస్త లోపే వస్తుంది. అంటే పెరుగుదల 9 శాతం. పది దాటలేదు! ఇప్పటికైనా సప్లయర్‌ని మార్చేస్తే చాలు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, గడువు మరో పద్నాలుగు నెలలు ఉంది, అప్పుడు చూసుకుందాం అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, మోసం కూడా కాదు. ఇంట్లోవాళ్లు, అకౌంట్స్ చూసే అబ్బాయి అందరూ అదే పాట. కాగితం మీద ప్రతి అడ్డాన్నీ తీసేశాక కూడా నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఈ ఐదు నెలల్లో మొత్తం గోడలు కట్టేసుకున్నవారికి వెళ్లింది 156 సరుకు. సగటు బ్లాకు మా యార్డులో ఎప్పుడూ తయారు కాలేదు, ఎవరి లారీ ఎక్కలేదు. పోటీదారుల కరపత్రాల్లో "పర్యావరణ హితం" అనే మాట కనిపిస్తే అంకె ఏదని ఎగతాళి చేసినవాణ్ణి నేను. ఇప్పుడు ఆ తొమ్మిది శాతం చాటున నిలబడటానికి నాకు మొహం చెల్లలేదు. మొండితనం అంటారా, అనుకోండి. పాత ఈపీడీని ఉపసంహరించుకుంటున్నామని రాసిచ్చేశాను.

కొత్త లెక్క మొదలైంది, వెరిఫయర్ సంతకం అయ్యేదాకా మా బిల్లు మీద ఏ అంకె ఉండదు. కొత్త సప్లయర్ ప్రతి లాటుకీ స్లాగ్ శాతం రాసివ్వాలి, ఆ కాగితం లేని లోడు దించుకోం. ఆ సిమెంటులో స్లాగ్ ఎక్కువ, తొలి బలం నెమ్మదిగా వస్తుంది, కాబట్టి బ్లాకులు యార్డులో మరో వారం ఎక్కువ ఉంటాయి. ఆర్డర్లు ఆ మేరకు ముందే పెట్టండి. తొందరపెట్టినా పంపను.

లీడ్ లాంటి హరిత భవనాల రేటింగ్‌కి మా ఈపీడీ పెట్టినవారు ఒక సంగతి చూసుకోండి. లీడ్ వీ4, వీ4.1 నిబంధనల్లో ఒక దారిలో కనీసం ఐదుగురు తయారీదారుల నుంచి ఈపీడీ ఉన్న 20 ఉత్పత్తులు చూపితే పాయింటు వస్తుంది. మాది ఆ జాబితాలో ఉంటే, తీసేశాక సంఖ్య సరిపోతుందో లేదో మీ కన్సల్టెంట్‌ని అడగండి. భవనం మొత్తం కార్బన్ లెక్క కట్టినవారు మాత్రం మళ్లీ కట్టాల్సిందే. 300 ఘనమీటర్లు వాడితే 8.4 టన్నుల తేడా వస్తుంది, చిన్నది కాదు. బిల్లు నంబరు చెప్పండి, ఆ లాటు ఏ సిమెంటుతో చేసిందో నేనే సంతకం పెట్టి ఇస్తాను.

గేటు బోర్డు మీద 128 ఉన్న చోట ప్రస్తుతానికి సున్నం పూత ఉంది. దాని కింద మా ఫోర్‌మన్ పాత సిమెంటుతో చేసిన ఒక తెల్లని బ్లాకు పెట్టాడు. రోజూ పొద్దున వచ్చిన సరుకు రంగు దానితో పోల్చి చూస్తున్నాడు. ఈసారి తడి వల్ల అని నేను అనడం లేదు.