నియమగిరిని మర్చిపోయారా?

ఎడిటర్ గారికి నమస్కారం. న్యాయం గురించి మీ పేపర్లో ఉత్తరాలు చదువుతున్నా, అన్నీ ఢిల్లీ, హైదరాబాద్ కబుర్లే, మా రాయగడ పక్కనున్న నియమగిరి ఎవరికీ గుర్తు రాలేదు. కొండమీద బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వుతామని గవర్నమెంట్, అది మా దేవుడు నియమరాజు కొండ అని అక్కడి గిరిజనులు డోంగ్రియా కోందులు, చివరికి 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఏమందంటే 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం వాళ్ళ దేవుడి సంగతి గ్రామసభలే తేల్చాలంది. జిల్లా జడ్జి ఎదురుగా కూర్చుంటే అడిగిన 12 ఊళ్ళ గ్రామసభలూ తవ్వకం వద్దనేశాయి, ఒక్కటి కూడా అటు తిరగలేదండీ! కాకపోతే ఆ 12 ఊళ్ళని ఎంచింది మళ్ళీ రాష్ట్ర సర్కారే, కొండ చుట్టూ మిగతా ఊళ్ళవాళ్ళు మనుషులు కాదా? మా టౌన్లో గుడి స్థలాల గొడవలకి కూడా ఇలాగే జనం ముందే, జడ్జి గారిని కూర్చోబెట్టి అడగమనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాయగడ (ఒడిశా)