రోల్ నంబర్ల వరసన ప్రాజెక్టు బ్యాచ్‌లు వేయడం ఆపించండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి,

నమస్కారం. గుంటూరు, విజయవాడ మధ్య ఉన్న విశ్వవిద్యాలయాల్లో పల్నాడు పిల్లలు, ఉత్తరాది వాళ్లు, ఆఫ్రికా దేశాల వాళ్లు ఒకే తరగతిలో కూర్చుంటున్నారు. గ్రూప్ ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి గుంపు వాళ్లదే. అది పిల్లల తప్పు కన్నా బ్యాచ్‌లు వేసే పద్ధతిలోని తప్పు.

రోల్ నంబర్లు అడ్మిషన్ వరసన ఇచ్చేచోట, వీసా పనుల వల్ల ఆలస్యంగా చేరిన విదేశీ విద్యార్థులు జాబితా చివరికి పోతారు. ఐదేసి మందిని కోసుకుంటూ వస్తే వాళ్లంతా ఆఖరి బ్యాచ్‌లో పడతారు. అలాగని ఒక్కొక్కరిని ఒక్కో బ్యాచ్‌కి పంచితే ఇంకా చేటు. నలుగురు తెలుగువాళ్ల మధ్య ఒక్క సూడాన్ విద్యార్థి ఉంటే మాట కాసేపటికే తెలుగులోకి జారిపోతుంది, అతనికి స్లైడ్లు సర్దే పని మిగులుతుంది. ఐదుగురిలో బయటివాళ్లు ఇద్దరైనా ఉండాలి. అంతమంది లేకపోతే కొన్ని బ్యాచ్‌లు పూర్తిగా స్థానికులతోనే ఉండనివ్వండి.

మొదటి వారంలోనే సమావేశాల భాష, పని పంపకం, సంక్రాంతి, రంజాన్, ఉత్తరాది వాళ్ల ఛఠ్ పండగ రోజుల్లో గడువులు కాగితం మీద రాసి అందరూ సంతకం చేయాలి. చర్చకు ముందు పది నిమిషాలు ఎవరి ఆలోచన వాళ్లు రాసుకోవాలి. లేకపోతే ఇంగ్లిష్ గడగడా మాట్లాడేవాడి మాటే బ్యాచ్ మాట అయిపోతుంది. (తెలుగు మీడియంలో చదివొచ్చిన మన పిల్లల ఇబ్బందీ ఇదే.)

అసలు చిక్కు మార్కుల్లో ఉంది. అందరికీ ఒకే మార్కు వేస్తే పని ఇద్దరి నెత్తిన పడుతుంది. గుంపులో ఉన్నప్పుడు ఒక్కొక్కరి శ్రమ తగ్గుతుందని 1979లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లతానే బృందం చప్పట్లు, కేకల ప్రయోగాలతో చూపించింది. అందుకని సహచరులు రహస్యంగా 5కి వేసే అంకెల్ని లెక్కలోకి తీసుకోవాలి. బ్యాచ్‌కి 30కి 24 వచ్చాయనుకోండి. బ్యాచ్ సగటు 4, ఒకరి సగటు 3.4 అయితే, 3.4ని 4తో భాగిస్తే వచ్చే గుణకం 0.85; దాంతో 24ని హెచ్చిస్తే అతని మార్కులు 20.4. గుణకం 0.8కి తగ్గకూడదు, 1.1 దాటకూడదు. ఇందులో ఒక ప్రమాదం ఉంది: ముగ్గురు స్నేహితులు కూడబలుక్కుని పరాయివాడికి తక్కువ వేయొచ్చు. గుణకం 0.9 కన్నా తగ్గితే ఎవరు ఏ పని చేశారో రాసుకునే లాగ్‌బుక్‌ని గైడ్ చూశాకే వర్తింపజేయాలి. వైవాలో (మౌఖిక పరీక్షలో) ఎవరినైనా పక్కవాళ్లు చేసిన భాగం మీద ప్రశ్నించాలి. అప్పుడు ముక్కలు ముక్కలుగా చేసి అతికించడం కుదరదు.

వచ్చే సెమిస్టర్‌కి ముందే దీనిపై సర్క్యులర్ ఇవ్వండి. బ్యాచ్‌కి పదిహేను నిమిషాల చొప్పున పన్నెండు బ్యాచ్‌ల లాగ్‌బుక్‌లు చూడాలంటే రెండు వారాలకోసారి మూడు గంటలు పడుతుంది. వాటిని అధ్యాపకుల పనిగంటల్లో కలపండి. కలపకపోతే లాగ్‌బుక్‌లన్నీ ఆఖరి రోజు ఒకే పెన్నుతో నిండుతాయి, మేమూ చూడకుండానే సంతకాలు పెడతాం.

ఇట్లు,
గుంటూరు, విజయవాడ ప్రాంత ప్రాజెక్టు గైడ్లు