కపోడిస్ట్రియాస్ కథ సగమే చెబితే ఎలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

రాజకీయ నాయకుల కంటే చదువూ అనుభవమూ ఉన్న అధికారులకే పాలన అప్పగించాలన్న వాదన ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. అలా అనేవారు ఆధునిక గ్రీస్ తొలి పాలకుడు ఇయోనిస్ కపోడిస్ట్రియాస్ జీవితాన్ని పూర్తిగా చదవాలి. ఏళ్ల తరబడి హైస్కూల్లో చరిత్ర చెప్పిన నాకు ఆయనంటే చాలా గౌరవం. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

1776లో కోర్ఫు దీవిలో పుట్టిన ఆయన ఇటలీలోని పాదువాలో వైద్యం చదివాడు. తర్వాత రష్యా దౌత్య సేవలో చేరాడు. 1813లో జార్ అలెగ్జాండర్ ఆయన్ని స్విట్జర్లాండ్ పంపాడు. అక్కడి రాష్ట్రాల మధ్య పెద్ద తగాదా నడుస్తోంది. పాత పెత్తనం తిరిగి కావాలని బెర్న్ రాష్ట్రం పట్టుబడితే, ఒకప్పుడు దాని కింద ఉన్న వో, ఆర్గావ్ రాష్ట్రాలు ససేమిరా అన్నాయి. ఆ తగాదా తీర్చి, 1815లో 22 రాష్ట్రాలు ఒక ఒప్పందం కిందికి రావడానికి ఎంతో సాయపడ్డాడు. జెనీవా ఆయన్ని గౌరవ పౌరుడిగా చేసుకుంది. 1816 నుంచి 1822 దాకా రష్యా విదేశాంగ వ్యవహారాలు చూసిన ఇద్దరిలో ఆయన ఒకడు.

1827లో, తుర్కుల ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న గ్రీకుల జాతీయ సభ ఆయన్ని ఏడేళ్లకు పాలకుడిగా ఎన్నుకుంది. 1828 జనవరిలో వచ్చి చూస్తే ఖజానాలో డబ్బు లేదు, ఊళ్లు కాలిపోయి ఉన్నాయి. ఫీనిక్స్ అనే నాణెం తెచ్చాడు. ఏజినా దీవిలో యుద్ధ అనాథలకు ఆశ్రమం కట్టించాడు. సైనిక పాఠశాల పెట్టాడు. జీతం వద్దన్నాడు. ఆయన నిజాయితీని శంకించడానికి లేదు.

కానీ వచ్చిన నెలలోనే రాజ్యాంగాన్ని పక్కన పెట్టేశాడు. ఒట్టోమన్ సుల్తాను తరఫు శత్రు సైన్యం ఇంకా దేశంలోనే ఉంది కాబట్టి కొన్ని నెలలకు అది తప్పనిసరి అనుకుందాం. ఆ సైన్యం వెళ్లిపోయాక కూడా రాజ్యాంగం తిరిగి రాలేదు. స్వాతంత్ర్యం కోసం నెత్తురు ధారపోసిన ఓడల యజమానులు, కొండ ప్రాంత నాయకులు తమ మాట చెల్లడం లేదని రగిలిపోయారు. విమర్శించే పత్రికను రాజధానిలో అచ్చు కానివ్వలేదు. అది హైడ్రా దీవికి వెళ్లి అచ్చయింది. దక్షిణ గ్రీస్‌లోని మానీ కొండ ప్రాంతపు పెద్ద పెట్రోబే మావ్రోమిహాలిస్‌ను జైల్లో పెట్టించాడు. 1831 అక్టోబర్ 9న అప్పటి రాజధాని నాఫ్ప్లియోలో చర్చి గుమ్మం దగ్గర పెట్రోబే తమ్ముడూ కొడుకూ కలిసి ఆయన్ని చంపేశారు. హత్యను నేను ఏ విధంగానూ సమర్థించను. ఆ తర్వాత దేశం అంతర్యుద్ధంలో పడింది. చివరికి బవేరియా నుంచి ఒక రాకుమారుణ్ణి తెచ్చి గద్దెనెక్కించారు.

నన్ను బాధపెట్టేది ఒక్కటే. పరాయి దేశంలో బెర్న్ ప్రభువులతో అంత ఓపిగ్గా మాట్లాడిన మనిషి, సొంత మనుషులతో అలా కూర్చుని మాట్లాడలేకపోయాడు. వాళ్లను ఒప్పించాల్సిన సాటివారిగా కాకుండా దారిలో పెట్టాల్సిన పిల్లలుగా చూశాడని నా అభిప్రాయం. జార్ మెప్పు ఉంటే దౌత్యవేత్త పని జరిగిపోతుంది. పాలకుడికి మానీ కొండల మనుషుల ఒప్పుదల కూడా కావాలి.

అధికారులకే పాలన ఇవ్వాలనే వ్యాసాలు మీ పత్రికలో వేసినప్పుడు, దయచేసి కపోడిస్ట్రియాస్ స్విట్జర్లాండ్‌లో చేసిందీ, నాఫ్ప్లియోలో చేయలేకపోయిందీ పక్కపక్కనే వేయండి.

- ఒక రిటైర్డ్ చరిత్ర ఉపాధ్యాయుడు, తెనాలి