పెచ్చెరువు దారిలో టార్చి వెలిగించిన పెద్దాయనకు

శివరాత్రికి నల్లమల దారిలో శ్రీశైలం నడుస్తుంటే, పెచ్చెరువు దాటాక నా జేబు టార్చి మిణుకుమిణుకుమని ఆరిపోయింది. కొత్త సెల్సు వేసినా అంతే. "సెల్సు కాదు బాబూ, స్ప్రింగు చూడు" అన్నారు మీరు.

ఆల్కలైన్ సెల్లు కారి స్ప్రింగుకు తెల్లగా పేరుకుపోయిందట. అది క్షారం, పులుపుకి విరుగుతుందంటూ మీ సంచిలోని నిమ్మచెక్కతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చారు. అణిగిన స్ప్రింగును కాస్త పైకి లాగారు. ఇలాంటి లోహపు టార్చిలో కరెంటు, వెనక మూతను తిప్పి బిగించే మరచుట్ల గుండానే పోతుందని (ఇది నేనెక్కడా వినలేదు) ఆ చుట్లలోని మురికీ వదిలించారు. భళ్లున వెలిగింది!

పేరు అడిగేలోపే మీ గుంపుతో సాగిపోయారు. వేయి దండాలు పెద్దాయనా. మళ్లీ ఆ దారిన కనిపిస్తే టీ డబ్బులైనా నన్నివ్వనివ్వండి.