ఉప్పాడ ఫైబరు బోటు గురించి మా నూకరాజుకు

భీమునిపట్నం,
ఫిబ్రవరి 2025.

చిరంజీవి నూకరాజును నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నీవు, కోడలు, పిల్లలు క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. సంక్రాంతికి వచ్చి వెళ్ళిన నాటి నుంచి నీ ఫోను మోగుతూనే ఉంది గాని నీవు ఎత్తడం లేదు. కోడలిని అడిగితే ‘వేటకు వెళ్ళారు మావయ్యా’ అంటుంది. మీ అమ్మ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. సింహాచలం కొత్త వల అల్లించుకున్నాడు. ఇవన్నీ తీరికగా రాద్దామని కూర్చున్నాను గాని, మొన్న అప్పలమ్మ అత్త కాకినాడ జగన్నాథపురం నుంచి వచ్చి, ఉప్పాడలో గట్టు రాళ్ళకు కొట్టుకొని పగిలిన ఫైబరు బోటు ఒకటి నీవు బేరం చేస్తున్నావనీ, బయానా కూడా ఇచ్చేశావనీ వాకిట్లో నిలబడే చెప్పి వెళ్ళింది. అత్త మాటల్లో సగం తీసివేయాలని నాకు తెలుసు. నిజమా కాదా అని నిన్ను నిలదీయడం నా ఉద్దేశం కాదు. సొంత బోటు ఉండాలన్న కోరిక మంచిదే. ఒకరి బోటు మీద వాటాకు వెళ్ళే బ్రతుకు ఎంతకాలమని నేను కూడా అనుకుంటూనే ఉన్నాను.

అయితే ఫైబరు షెడ్డులో గాజునార మ్యాటు పరిచి, దాన్ని గట్టిగా పట్టే రెజిన్ జిగురు పూసి ఇన్నేళ్ళు గడిపిన వాడిని కనుక, నాకు తెలిసింది కాగితం మీద పెడితే నీవు బోటు పక్కన నిలబడి చదువుకోవచ్చునని అనిపించింది. ఫోనులో చెబితే ఊఁ కొడతావు, ఒక్క ముక్కా గుర్తుండదు.

పగిలిన బోటు కొనడం తప్పని నేను అనను. ఫైబరుకు ఉన్న గొప్పతనమే అది. చిల్లు ఎంత పెద్దదైనా దాని చుట్టూ ఉన్న పొరలు గట్టిగా ఉంటే, సరిగ్గా వేసిన మాటు (అతుకు) దాదాపు పాత బోటంత బలంగా ఉంటుంది. కంటికి కనబడే చిల్లు నిన్ను మోసం చేయదు. కొత్తగా వేసిన నీలం రంగు మోసం చేస్తుంది. అమ్మేవాడు ఈ మధ్యనే రంగు వేయించాడని తెలిస్తే, ఎందుకు వేయించాడో తెలిసేదాకా అక్కడి నుంచి కదలకు.

ఒక రూపాయి బిళ్ళ తీసుకొని, పగులు దగ్గర మొదలుపెట్టి బయటి వైపుకు, జానెడు జానెడుగా కొట్టుకుంటూ వెళ్ళు. పొరలు కలిసి ఉన్నచోట టంగుమని గట్టి చప్పుడు వస్తుంది. పొరలు విడిపోయిన చోట మొద్దుగా, చచ్చిన చప్పుడు వస్తుంది. చప్పుడు మారిన చోటల్లా సుద్దముక్కతో గీత గీస్తూ పోతే, చివరికి నీవు చూసిన పగులు చిన్నదనీ, అసలు దెబ్బ దానికి రెండింతలో మూడింతలో ఉందనీ గీతలే చెబుతాయి. ఆ గీతల లోపలి భాగమంతా కోసి తీసివేయవలసిందేనని లెక్క వేసుకొనే బేరం మాట్లాడాలి. తరువాత లోపలికి దిగి అదే చోటు చూడు. ఫైబరు తెల్లబడి ఉంటే దెబ్బ ఆ పొర దాకా వెళ్ళిందని అర్థం. పైపూత మీద వెంట్రుకవాసి గీతలు మాత్రమే ఉండి లోపల రంగు మారకపోతే భయం లేదు. ఒక్క చోటు నుంచి నక్షత్రంలా విచ్చిన గీతలు రాయి తగిలినవి. పక్కపక్కనే వరుసగా సాగిన గీతలు అక్కడ బోటు వంగుతోందని చెప్పేవి. రెండో రకం చూస్తే అడ్డుపట్టెల అంటుకట్టు ఊడిందేమోనని చేయి పెట్టి తడిమి చూడాలి.

ఉప్పాడ ఒడ్డు సంగతి నీకు నేను చెప్పాలా? సముద్రం ఊరిని కోసుకుపోతుంటే గట్టు కోసం పోసిన ఆ రాళ్ళ మీద అల బోటును ఒక్కసారి కొట్టి ఊరుకోదు, తెల్లవార్లూ కొడుతుంది. అందుకని పగిలిన పక్కనే కాక, రెండో పక్క, బోటు అడుగున పొడవునా ఉండే నడిమి వెన్ను, ఇసుక మీద ఈడ్చి అరిగిన చోట్లు అన్నీ చూడాలి. తేలడానికి ఫోము నింపిన పెట్టెలు మరీ ముఖ్యం. వాటిలోకి నీరు వెళితే ఫోము పట్టుకొని వదలదు. ఆ బోటును రోజూ ఒడ్డుకు లాగే కుర్రాళ్ళను పక్కకు పిలిచి, మునుపు ఎంతమంది లాగేవారు, ఇప్పుడు ఎంతమంది పడుతున్నారని అడుగు. అమ్మేవాడు చెప్పనిది వాళ్ళు చెబుతారు.

ఇక ఇంజను బిగించే వెనుక చెక్క, అంటే ఫైబరు పొరల నడుమ ఉండే ప్లైవుడ్ పలక. నిజం చెప్పాలంటే దీని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మీ పోలారావు బాబాయి బోటు సంగతి నీకు పైపైనే తెలుసు, అప్పుడు నీవు ఊళ్ళో లేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి మన ఒడ్డున ఉన్న బోట్లను ఒకదాని మీద ఒకటి పడవేసినప్పుడు బాబాయి బోటు రెండు ముక్కలైంది. మరుసటి ఏడాది ఎక్కడో దక్షిణాన చవకగా వస్తోందని వాడిన ఫైబరు బోటు ఒకటి కొని, లారీ మీద తెచ్చాడు. నన్ను పిలవలేదు. అన్నయ్యకు చెబితే వంకలు పెడతాడని పిన్నితో అన్నాడట. బోటు చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంది. పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి దించారు. నేను బిళ్ళతో వెనుక చెక్క మీద కొట్టి చూస్తే నాలుగు మూలల్లో రెండు మూలలు మొద్దుగా పలికాయి. చెప్పాను. ‘డబ్బు ఇచ్చేశాను కదన్నయ్యా, ఈ సీజను గడవనీ’ అన్నాడు.

గడవలేదు. ఒక తెల్లవారుజామున వల లాగి తిరిగి వస్తుండగా ఇంజను ఊగడం మొదలైంది. బోల్టులు వదులయ్యాయేమోనని సింహాచలం బిగించబోతే, బిగించినకొద్దీ బోల్టు తల లోపలికి దిగబడుతోంది. ఈలోగా కింది మూల పగిలి నీరు ఎగదన్నింది. ఇంజను ఆపి, తాళ్ళతో ఎత్తి లోపల పడుకోబెట్టి, పగుల్లో గోనెసంచులు కుక్కి, ఒకరు నీళ్ళు తోడుతుంటే ఇద్దరు తెడ్లు వేశారు. దారిలో ఇంకొక బోటు కనబడి తాడు అందించబట్టి ఒడ్డు చేరారు. పిన్ని ఇసుకలో కూలబడి ఏడవడం నేను చూశాను. మరునాడు లోపలి పొర కోసి చూస్తే ప్లైవుడ్ నానిన అటుకుల్లా చేతికి వచ్చింది. ఇంజను బోల్టుల కోసం వేసిన రంధ్రాలకు లోపల రెజిన్ పట్టించకుండా వదిలేశారు. ఏళ్ళ తరబడి నీరు ఆ దారినే దిగి చెక్కను తినేసింది. పగిలిన ఆ మూల తప్ప పైన ఫైబరు మాత్రం చెక్కుచెదరలేదు, రంగు నిగనిగలాడుతోంది.

ఆ చెక్క నేనే మార్చాను. బయటి పొరను కదపకుండా ఉంచి, లోపలి పొర కోసి, కుళ్ళినదంతా గీకి, భారత ప్రమాణం ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ రెండు పలకలు రెజిన్‌తో అంటించి, అంచులకు రెండుసార్లు రెజిన్ తాగించి కూర్చోబెట్టాను. మూలలు గుండ్రంగా పూడ్చి, మ్యాటు పక్క గోడల మీదికి బాగా పాకేలా వేశాను. బోల్టు రంధ్రాలు కావలసిన దానికన్నా పెద్దవిగా తొలిచి, రెజిన్, ఫైబరు ముక్కలు కలిపి నింపి, గట్టిపడ్డాక మళ్ళీ అసలు కొలతకు తొలిచాను. ఆ బోటు ఇప్పటికీ వేటకు వెళుతోంది. ఉప్పాడ బోటుకు కూడా లోపలి వైపు నుంచి సన్నని డ్రిల్లుతో ఒక రంధ్రం వేసి చూడనిమ్మని అడుగు. పొడిగా, లేత రంగు పొట్టు వస్తే మంచిది. నల్లగా, తడిగా వస్తే చెక్క మార్పు ఖర్చు బేరంలో తగ్గించాలి. రంధ్రం వేయనివ్వనంటే ఇంటికి వచ్చేయి. బయానా పోతే పోయింది, దాని గురించి నేను ఒక్క మాట కూడా అనను.

బయానా ఇంకా ఇవ్వకపోతే మరీ మంచిది.

ఒకవేళ కొనడమే జరిగితే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కనుక ఆ 61 రోజులూ బాగుచేతకు వాడుకో. ముందు మంచినీళ్ళతో ఉప్పు పోయేలా పదేపదే కడిగి, గ్రైండరుతో దెబ్బతిన్నదంతా తీసి, నీడలో ఆరబెట్టు. ఆరిందో లేదో తెలియాలంటే ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అంటించి, మరునాడు చూడు. లోపలి వైపు చెమర్చి ఉంటే ఇంకా తడి ఉన్నట్టే. తడి మీద వేసిన మాటు నిలవదు. చిల్లు అంచులను నిటారుగా వదలకుండా, మందానికి పన్నెండు రెట్లు వెడల్పున ఏటవాలుగా అరగదీయాలి. ఆరు మిల్లీమీటర్ల మందం ఉంటే చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు అవుతుంది. కుర్రాళ్ళు బద్ధకించేది ఇక్కడే. పాత ఫైబరును తాకే మొదటి పొర మ్యాటే ఉండాలి, ఆ తరువాత రోవింగు, అంటే గాజునార నేత, మళ్ళీ మ్యాటు. ప్రతి పొరలోనూ తెల్లదనం పోయేదాకా రెజిన్ తాగించి, రోలరుతో గాలిబుడగలు తీయాలి. మూడు నాలుగు పొరలకు మించి ఒకేసారి వేస్తే వేడెక్కి వంకర పోతుంది. బండ్లకు పూసే పుట్టీ నీటిలో ఉండే భాగానికి వాడకు, అది నీరు పీలుస్తుంది.

సముద్రపు మంచు తడి ఆరాక మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే ముగించు. కిలో రెజిన్‌కు దాన్ని గట్టిపరిచే హార్డనరు పది నుంచి ఇరవై మిల్లీలీటర్లు. మే నెల వేడికి పది చాలు. హార్డనరునూ, పని త్వరపరిచే కోబాల్టు మందునూ నేరుగా కలపవద్దు, భగ్గుమంటుంది. ముందుగా కోబాల్టును రెజిన్‌లో కలిపి, హార్డనరు చివరన వేయాలి. హార్డనరు చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది కనుక కళ్ళద్దాలు పెట్టుకో. గ్రైండింగ్ చేసేటప్పుడు నిండు చేతుల చొక్కా, ముక్కుకు మంచి మాస్కు ఉండాలి. తువ్వాలు కట్టుకుంటే ఆ ధూళి ఆగదు. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకు. బ్రష్షులు కడిగే అసిటోన్ డబ్బా దగ్గర బీడీ వెలిగించవద్దు. బీడీ మానేశానని మీ అమ్మకు చెప్పావు కనుక ఇంతకు మించి రాయను. మధ్యాహ్నం అన్నం తినకుండా పని చేసే అలవాటు కూడా మానుకో.

కాగితాల మాట మరిచిపోవద్దు. మత్స్యశాఖ రిజిస్ట్రేషను అమ్మేవాడి పేరనే ఉందా, బోటు మీద రాసిన నంబరు కాగితంలోని నంబరేనా చూసుకొని, పేరు మార్పు జరిగాకే మిగిలిన డబ్బు ఇవ్వు. నంబరు నీ పేరుకు రాకపోతే రేపు డీజిలు రాయితీ, నిషేధకాలపు భృతి రెండింటికీ తిరగవలసి వస్తుంది.

వచ్చే ఆదివారం నేను రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌కు బయలుదేరి సామర్లకోటలో దిగుతాను. బోటు చూడటానికే వస్తున్నానని అనుకోకు, పిల్లలను చూసి చాలా రోజులైంది. మీ అమ్మ ఎండు నెత్తళ్ళు, పిల్లలకు నువ్వుల ఉండలు కడుతోంది. స్టేషనుకు నీవే రా. ఈలోగా వెనుక చెక్క పొడవు, ఎత్తు, మందం టేపుతో కొలిచి కోడలి ఫోను నుంచైనా పంపించు. విశాఖలో ప్లైవుడ్ ధర కనుక్కొని వస్తాను.

ఇట్లు,
మీ నాన్న