పొట్ట కుట్టే ముందు ఒక జత గ్లౌజులు

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

పలాస నుంచి నమస్కారాలు. ఇక్కడి నుంచి ఉత్తరమంటే ఉద్దానం కిడ్నీల గురించే అనుకుంటారు. ఇది పొట్ట ఆపరేషన్ గురించి.

మా వదిన జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. పోయినేడాది పేగుకి చిల్లు పడితే ఒక ఆస్పత్రిలో రాత్రికి రాత్రే ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలబెట్టారు, ఆ డాక్టర్లకి చేతులెత్తి మొక్కుతాం. డిశ్చార్జ్ రోజున కుట్లు పొడిగానే ఉన్నాయి. ఇంటికొచ్చిన నాలుగో రోజు పొద్దున్న లేచేసరికి చీర కుచ్చిళ్ల దగ్గర తడి. చూస్తే చీము. నెలన్నర పాటు రోజూ ఆటోలో డ్రెస్సింగ్‌కి తిరిగింది. ఆపరేషన్‌కి పైసా తీసుకోలేదు గానీ, చీటీ డబ్బులన్నీ ఆటోకీ మందులకీ అయిపోయాయి. గాయం మానింది. ఇప్పుడు దగ్గితే బొడ్డు పైన నిమ్మకాయంత ఉబ్బు లేస్తుంది. దగ్గు వస్తోందంటే చాలు, ముందు చెయ్యి పొట్ట మీదకి పోతుంది. హెర్నియా అన్నారు. కుట్లకి చీము పట్టినవాళ్లకి ఇది వచ్చే అవకాశం ఎక్కువట. బెల్టు ఇచ్చారు. షెడ్డులో ఆ ఉక్కకి పెట్టుకోలేక పాత చీర ముక్క చుట్టుకుంటోంది.

పేగు చిల్లుపడ్డాక చీము పట్టడం వింతేమీ కాదు. ఫలానావారి తప్పని నేను అనలేను. కానీ కొంతమందికైనా తప్పించే దారి ఉందని తెలిశాక ఊరుకోలేకపోయాను.

2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ‘చీటా’ అనే పరిశోధన వచ్చింది. మన దేశంతో కలిపి 7 దేశాల్లో 81 ఆస్పత్రులు, 13,301 మంది రోగులు. దాదాపు సగం ఆస్పత్రుల్లో పొట్ట మూసే ముందు టీమంతా గ్లౌజులు మార్చి, శుభ్రం చేసిన వేరే పరికరాలతో కుట్లు వేశారు. మిగతాచోట్ల ఎప్పటిలాగే. 30 రోజుల్లో కుట్లకి ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లు మామూలు పద్ధతిలో 18.9 శాతం, మార్చినచోట 16 శాతం. ఇందులో కొత్త మెషీన్ లేదు, ఖరీదైన మందు లేదు. మా అమ్మ చేపలు కోసిన చేత్తో అన్నం కుండ ముట్టనివ్వదు; ఇదీ అలాంటిదే. పేగుని తాకిన చేతులతోనే కుడితే లోపలి క్రిములు కుట్టులోకి వస్తాయి.

అందుకే అడుగుతున్నాను. ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ, ఎన్టీఆర్ వైద్య సేవ (మా ఊళ్లో ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటాం) కింద చేసే ప్రైవేటు ఆస్పత్రుల్లోనూ, పేగు తెరిచే ఆపరేషన్లకి ఈ పద్ధతి తప్పనిసరి చేయండి. మార్చినట్టు కేస్ షీటులో రాయించండి. గ్లౌజులు, కుట్లు వేసే సామాను అదనంగా ఇవ్వకుండా ఆర్డరొక్కటే పంపిస్తే మాత్రం సంతకాలు తప్ప ఏమీ మారవు.

ఇంకొకటి. చీము పట్టేది చాలామందికి ఇంటికెళ్లాక. వదిన డిశ్చార్జ్ రోజున ఫోటో తీసుకున్నారు, సంతకం పెట్టించుకున్నారు. ఆ తర్వాత ఒక్క ఫోనూ రాలేదు. వాళ్ల రికార్డులో ఆమె బాగానే ఉన్నట్టు లెక్క. ఆపరేషనైన 30వ రోజున ఆశా కార్యకర్త వచ్చి కుట్లు చూసి రాసుకుంటే అసలు లెక్క తెలుస్తుంది.

తనిఖీకి వచ్చినప్పుడు మీరు బెడ్‌షీట్లు, మందుల స్టాకు చూస్తారు. ఈసారి శ్రీకాకుళం వస్తే ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌ని కూడా అడగండి: నిన్నటి పేగు ఆపరేషన్‌కి ఎన్ని జతల గ్లౌజులు తీశారమ్మా అని.

ఇట్లు,
పలాస వాసి ఒకడు