బూర్దెల్ 'నృత్యం' పెయింటింగ్: పేజీలో ఒకటి చూపించి ఇంకొకటి పంపారు

కస్టమర్ కేర్ వారికి,

నమస్తే. మీ సైట్‌లో నేను ఆర్డర్ చేసిన పెయింటింగ్ అందింది. ఫ్రెంచ్ శిల్పి ఆంత్వాన్ బూర్దెల్ చెక్కిన 'నృత్యం' అనే రిలీఫ్ శిల్పానికి, అంటే పలక మీద ఉబ్బెత్తుగా చెక్కిన బొమ్మకి, ఆయిల్ రంగుల్లో చేత్తో వేసిన కాపీ అని మీరు అమ్మినది. ప్యాకింగ్ బాగుంది, కాన్వాస్ చిరగలేదు, రంగు ఊడలేదు. "డ్యామేజీ లేదు కాబట్టి రిటర్న్ కుదరదు మేడమ్" అని మీ చాట్‌లో అన్నారు. డ్యామేజీ ఉందని నేనూ అనలేదు కదా. డబ్బు కట్టించుకున్న బొమ్మ ఇది కాదు అంటున్నాను, దానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పడం లేదు.

అసలు శిల్పం పారిస్‌లో, మోంతేన్ వీధిలో 1913లో తెరిచిన షాంజెలిజే థియేటర్ ముందుగోడ మీద ఉంది. ఓగుస్త్ పెరె కాంక్రీట్‌తో కట్టి ముందువైపు తెల్ల పాలరాయి తొడిగిన భవనం అది. పైన అపోలో, ఆయన దగ్గరికి పరుగెత్తుకొచ్చే కళాదేవతలు, కింద ఐదు పలకలు, ఆ ఐదింట్లో ఒకటి ఇది. ఇందులో ఉన్నది అమెరికన్ నర్తకి ఇసడోరా డంకన్, రష్యన్ బ్యాలే నర్తకుడు నిజిన్‌స్కీ. వాళ్లిద్దరూ ఒకే వేదిక మీద కలిసి ఆడిన నృత్యం కాదు, శిల్పి తన ఊహలో కలిపాడు. ఇద్దరికీ ఆ చట్రంలో చోటు చాలదు. చాలకే తల వంగుతుంది, మోచెయ్యి మడుచుకుంటుంది, ఒళ్లంతా మెలి తిరుగుతుంది, రాయిని తోసుకుని బయటికి రావాలని చూస్తున్నట్టు ఉంటుంది. నేను ఈ బొమ్మ కోరుకున్నదే అందుకు. నాది కూచిపూడి క్లాసు. మెడ కదలికలకే నాలుగు భేదాలు చెప్పి పిల్లల చేత రోజూ సాధన చేయించే దాన్ని, మా క్లాసు గోడ మీద ఏం పెట్టాలో కొంచెం ఆలోచించే ఆర్డర్ చేశాను.

మీ ఆర్టిస్టు ఏం చేశారంటే, ఇసడోరా మెడ సరిచేశారు. అవును, సరిచేశారు. అసలు శిల్పంలో తల బాగా వాలిపోయి, కళ్లు మూసుకుని, తనలో తాను ఆడుతున్నట్టుంటుంది. మీరు పంపిన దాంట్లో తల నిటారుగా ఉంది, కళ్లు తెరుచుకుని ఉన్నాయి, పైగా వాటికి కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటే సన్నటి బ్రష్‌తో దిద్దారు, ఫొటో స్టూడియోలో కూర్చోబెట్టినట్టు ఎదురుగా చూస్తోంది. ఆ వెంట్రుకలు దిద్దడానికి ఎంత ఓపిక పట్టిందో కనిపిస్తూనే ఉంది, చేయి తిరిగిన మనిషే, ఆయన పనితనాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆయన చేతికి ఏ ఫొటో ఇచ్చారు, ఏం చెప్పి వేయించారు అన్నది నా ప్రశ్న.

అంతటితో ఆగలేదు. బొమ్మలిద్దరినీ చిన్నవి చేసి చుట్టూ నాలుగు వైపులా ఖాళీ వదిలారు, ఆ ఖాళీలో లేత నీలం రంగు నింపారు. అసలు దాంట్లో ఖాళీయే లేదండీ! ఇరుకు తీసేశాక ఇక ఆ వంపులన్నీ ఎందుకు? ఇప్పుడు చూస్తే ఇద్దరు మనుషులు విశాలమైన మైదానంలో నిలబడి కారణం లేకుండా చేతులు మడుచుకున్నట్టుంది.

ఇక నీడలు. రాతి రిలీఫ్‌ని రంగుల్లో వేయాలంటే కిటుకంతా నీడలు వేయడంలోనే ఉంటుంది. వెలుగు ఒక పక్క నుంచే రావాలి, ప్రతి మడత నీడా రెండో పక్కకే పడాలి, అప్పుడే చదునుగా ఉన్న గుడ్డ మీద రాయి ఉబ్బి కనిపిస్తుంది. మీ పేజీలోని ఫొటోలో అలాగే ఉంది. నాకొచ్చిన దాంట్లో ఇసడోరా చీరకుచ్చిళ్ల లాంటి ఆ బట్ట మడతల నీడ ఎడమకు పడింది, పక్కనే ఉన్న నిజిన్‌స్కీ చేతి నీడ కుడికి పడింది. మధ్యలో ఎవరైనా టార్చిలైటు పట్టుకుని నిలబడ్డారా? పాలరాయి తెలుపూ లేదు, ఒంటికి గులాబీ చాయ వేశారు. శిల్పం కాపీ కాస్తా మనుషుల బొమ్మ అయిపోయింది.

చిన్న సంగతే కానీ చెప్పాలి, వెనక అంటించిన సర్టిఫికెట్‌లో శిల్పి పేరు రోడాన్ అని ఉంది, ఆయన వేరే శిల్పి. బూర్దెల్ 1893 నుంచి 1908 దాకా రోడాన్ దగ్గర పనిచేసిన మాట నిజం. ఈ పని మాత్రం బూర్దెల్ అక్కడి నుంచి బయటికొచ్చి సొంతంగా చేసినది.

మీ మెయిల్‌లో "చేత్తో వేసినవి కాబట్టి కొద్దిపాటి తేడాలు సహజం" అని రాశారు. ఒప్పుకుంటాను. బ్రష్ గీత అటూ ఇటూ అయితే, తెలుపులో కాస్త పసుపు కలిస్తే నేను నోరెత్తేదాన్నే కాదు. తల ఎత్తేయడం, కళ్లు తెరిపించడం, నేపథ్యం మార్చేయడం కొద్దిపాటి తేడాలు ఎలా అవుతాయి? తర్వాతి మెయిల్‌లో "ఆర్టిస్ట్ స్వేచ్ఛ" అన్నారు. అలాగైతే పేజీలో కాపీ అని ఎందుకు రాశారు, బూర్దెల్‌ని చూసి మేం సొంతంగా వేసిన బొమ్మ అని రాయాల్సింది, నేను కొనేదాన్ని కాదు.

నాకు కావలసింది రెండింట్లో ఒకటి. పేజీలోని ఫొటో ప్రకారం మళ్లీ వేయించండి, రంగులు ఆరకముందే, అంటే మార్చడానికి వీలున్నప్పుడే నాకు ఫొటో పంపించి సరే అనిపించుకోండి. అది కుదరకపోతే కట్టిన డబ్బంతా వెనక్కి ఇవ్వండి, పార్సిల్ మీ ఖర్చుతో తీసుకెళ్లండి. కూపన్ వద్దు. కూపన్‌తో మీ దగ్గర ఇంకో బొమ్మ కొనే ధైర్యం నాకు లేదు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ప్రకటనలో చూపించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదన్నదీ వాటిలోనే ఉంది. ఫిర్యాదులు చూసే మీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఇదే మెయిల్ కాపీ పెట్టాను. జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను.

మీ పేజీ స్క్రీన్‌షాట్, వచ్చిన పెయింటింగ్ ఫొటో, రెండు నీడలూ దగ్గరగా కనిపించే ఫొటో, సర్టిఫికెట్ ఫొటో జత చేశాను. దయచేసి మెయిల్‌లోనే జవాబివ్వండి, సాయంత్రాలు నాకు క్లాసులుంటాయి, ఫోన్ ఎత్తను.